పార్కిన్సన్స్ తీవ్రతకు కొలమానాలు: తిరుపతి, చిత్తూరు నేపథ్యంలో ఒక సమీక్ష

మధుమేహం అదుపులో ఉందో లేదో రక్తపరీక్ష చెబుతుంది, రక్తపోటు ఎంతో యంత్రం చూపిస్తుంది. పార్కిన్సన్స్ వ్యాధి ఒక మనిషిలో ఎంత ముదిరిందో చెప్పే పరీక్ష మాత్రం నిత్య వైద్యంలో ఏదీ లేదు. మధ్యమెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి నశించడం ఈ వ్యాధికి మూలమని తెలిసినా, బతికి ఉన్న మనిషిలో ఆ కణాలను లెక్కపెట్టే వీలు లేదు. అందువల్ల వైద్యుడు రోగి నడకను చూసి, చేతిని వంచి చూసి, రోగి చెప్పింది విని, ఆ మూడింటినీ అంకెలుగా మార్చుకోవలసి వస్తుంది. అలా మార్చడానికి ఏర్పరచుకున్న ప్రశ్నల, పరీక్షల సముదాయాలనే తీవ్రతా కొలమానాలు అంటారు. ఆసుపత్రుల వాడుకలో ఇవి రేటింగ్ స్కేళ్లు. కొత్త మందుకు అనుమతి ఇవ్వాలా, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్స ఎవరికి చేయాలి, వికలాంగుల పింఛను ఎవరికి అందాలి అనే నిర్ణయాలు చివరికి ఇటువంటి అంకెల మీదనే ఆధారపడుతున్నాయి కాబట్టి, ఈ అంకె ఎక్కడ పుట్టింది, దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అనేవి వైద్యులకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు. ఇంగ్లీషులో, ఇంగ్లీషు మాట్లాడే రోగుల మీద తయారైన ఈ కొలమానాలను పుంగనూరు రైతుకో సత్యవేడు గృహిణికో వర్తింపజేసినప్పుడు ఏ భాగం నిలుస్తుంది, ఏ భాగం సడలుతుంది అనేది ఈ సమీక్షలోని ప్రధాన విషయం.

జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగులను వర్ణిస్తూ లండన్‌లో ప్రచురించిన చిన్న గ్రంథంలో వ్యాధి స్వరూపం స్పష్టంగా ఉంది గానీ కొలత లేదు. తగ్గించే మందు లేని జబ్బు ఎంత ఉందో కొలవవలసిన అవసరం ఆనాటి వైద్యానికి కలగలేదు. కొలమానాల చరిత్ర నిజానికి మందు చరిత్రతో కలిసే నడిచింది. మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే పరిశోధకులు 1937లో దూలగొండి గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. చిత్తూరు జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనిదే. దూలగొండి ఈ ప్రాంతపు కంచెల మీద, చిట్టడవుల్లో అందరూ ఎరిగిన తీగే. అయితే ఆ పదార్థమే ఈ వ్యాధికి మందు కాగలదని తేలడానికి మూడు దశాబ్దాలు పట్టింది. జార్జ్ కోట్జియాస్ 1967లో పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి రోగులను లేపి నడిపించిన ఫలితాలు ప్రకటించాడు, అదే సంవత్సరం మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అనే న్యూయార్క్ వైద్యులు 856 మంది రోగుల వివరాలను పరిశీలించి వ్యాధిని ఐదు దశలుగా విభజించారు. మందు పనిచేసిందని చెప్పాలంటే ముందు ఎంత ఉండేదో, తర్వాత ఎంత ఉందో చెప్పగలగాలి. ఆ అవసరమే కొలమానాన్ని పుట్టించింది.

హోన్–యార్ దశలు చాలా సులువైనవి. లక్షణాలు శరీరంలో ఒక పక్కనే ఉంటే 1, రెండు పక్కలా ఉన్నా నిలకడ చెడకపోతే 2, నిలకడ తప్పుతున్నా స్వతంత్రంగా బతకగలిగితే 3, తీవ్రంగా అశక్తుడైనా ఇతరుల సాయం లేకుండా నిలబడగలిగితే లేదా నడవగలిగితే 4, చక్రాల కుర్చీకో మంచానికో పరిమితమైతే 5. ఈ విభజన దాదాపు అరవై ఏళ్లు నిలబడడానికి కారణం దీని క్లుప్తతే. రద్దీగా ఉండే ఔట్‌పేషెంట్ విభాగంలో కూడా ఒక్క నిమిషంలో రాయగలిగిన అంకె ఇది. కానీ దీని లోపమూ అందులోనే ఉంది. ఇది ప్రధానంగా నిలకడను కొలుస్తుంది, చేతి వణుకుతో పనిలోకి పోలేకపోతున్న కంసాలికీ ఏ ఇబ్బందీ లేని విశ్రాంత ఉద్యోగికీ ఒకే దశ రావచ్చు, మందు వేసుకున్న గంటకు బాగా తేరుకున్న మనిషిలో ఆ మార్పు ఈ దశల్లో కనబడకపోవచ్చు. తర్వాతి కాలంలో 1.5, 2.5 అనే మధ్యస్థ దశలు చేర్చారు గానీ అవి గట్టి పరిశీలన మీద నిలబడినవి కావు. రోగిని వర్ణించడానికి ఈ దశలు చాలు, చికిత్సను తూచడానికి చాలవు.

ఆ లోటును పూరించడానికి 1960ల నుంచి ఎవరికి వారు కొలమానాలు తయారుచేసుకున్నారు. 1961లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు స్కేలు, 1968లో వెబ్‌స్టర్ స్కేలు, 1969లో రోజువారీ పనులను నూరు నుంచి సున్నా దాకా శాతాల్లో చెప్పే ష్వాబ్–ఇంగ్లండ్ స్కేలు, ఇంకా కొలంబియా స్కేలు వంటివి వచ్చాయి. ఒక కేంద్రపు అంకె మరో కేంద్రంలో అర్థం కాని స్థితి ఏర్పడడంతో, స్టాన్లీ ఫాన్, రాబర్ట్ ఎల్టన్‌ల సారథ్యంలో ఒక సంఘం పాతవాటిలోని మేలైన అంశాలను ఏరి 1987లో ఏకీకృత పార్కిన్సన్స్ వ్యాధి కొలమానాన్ని ప్రచురించింది. దీన్నే యూపీడీఆర్ఎస్ అంటారు. తర్వాతి ఇరవై ఏళ్లలో పెద్ద మందుల పరీక్షలు చాలావరకు దీని మీదనే నడిచాయి. అయితే మలబద్ధకం, నిద్రలేమి, వాసన పోవడం, దిగులు వంటి చలనేతర లక్షణాలకు అందులో చోటు బహు తక్కువ. మనసుకు సంబంధించి నాలుగే అంశాలు ఉండేవి. అంతర్జాతీయ చలన వికారాల సంఘం 2003లో దాని మంచిచెడులను సమీక్షించి, క్రిస్టఫర్ గెట్స్ నాయకత్వంలో 2008లో సవరించిన కొలమానాన్ని వెలువరించింది. దీని పేరు ఎండీఎస్–యూపీడీఆర్ఎస్. 39 కేంద్రాల్లో, ఇంగ్లీషు మాట్లాడే 877 మంది రోగుల మీద దీన్ని పరీక్షించారు, వారిలో నూటికి 78 మంది శ్వేతజాతీయులు. ఈ చివరి వాక్యాన్ని తెలుగు పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి.

కొత్త కొలమానంలో నాలుగు భాగాలు, 65 అంకెలు ఉన్నాయి. ఒక్కో అంకె సున్నా నుంచి నాలుగు దాకా ఉంటుంది. మొదటి భాగం నిద్ర, దిగులు, భ్రాంతులు, నొప్పులు, మూత్ర విసర్జన, మలబద్ధకం, అలసట వంటి చలనేతర అనుభవాల గురించి, రెండో భాగం తినడం, బట్ట కట్టుకోవడం, మంచంలో పక్కకు తిరగడం వంటి దైనందిన పనుల గురించి అడుగుతాయి. ఈ రెండింట్లోనూ కలిపి ఇరవై ప్రశ్నలకు రోగి తానే, అవసరమైతే దగ్గరివారి సాయంతో, జవాబు రాసుకోవాలి. మూడో భాగం వైద్యుడు స్వయంగా చేసే చలన పరీక్ష, నాలుగోది మందు వల్ల వచ్చే చిక్కులకు సంబంధించింది. అన్నీ సక్రమంగా చేస్తే దాదాపు అరగంట పడుతుంది.

మూడో భాగమే ఈ కొలమానానికి వెన్నెముక, కాబట్టి దాన్ని కొంత వివరంగా చూడాలి. 18 అంశాల్లో 33 అంకెలు, గరిష్ఠంగా 132. రోగి బొటనవేలిని చూపుడువేలితో పదిసార్లు, వీలైనంత వేగంగా, వీలైనంత వెడల్పుగా తాటించాలి. లయ ఒకటి రెండుసార్లు తప్పినా, వేగం కొద్దిగా తగ్గినా, పదిలో చివరికి వచ్చేసరికి వేళ్ల మధ్య ఎడం కుదించుకుపోయినా 1, మూడు నుంచి ఐదు సార్లు ఆగినా, ఎడం సగంలోనే కుదించుకుపోయినా 2, ఐదు కంటే ఎక్కువసార్లు ఆగినా, మొదటి తాటింపు తర్వాతే ఎడం తగ్గిపోయినా 3, చేయలేకపోతే 4. విశ్రాంతిగా ఉన్న చేతి వణుకును సెంటీమీటర్లలో చూస్తారు: ఒకటి దాకా 1, ఒకటి దాటి మూడు లోపల 2, మూడు నుంచి పది వరకు 3, పది దాటితే 4. నిలకడ పరీక్షలో వైద్యుడు రోగి వెనుక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టుకుని చటుక్కున వెనక్కి లాగుతాడు. ఒకటి రెండు అడుగుల్లో సర్దుకుంటే సహజమే, మూడు నుంచి ఐదు అడుగులైతే 1, ఐదు దాటినా తనంతట తానే నిలదొక్కుకుంటే 2, పట్టుకోకపోతే పడిపోయేలా ఉంటే 3. పడబోతే పట్టుకోగల బలం, వెనుక గోడ ఉన్న చోటు ఇందుకు కావాలి. ఇంత నిర్దిష్టంగా చెప్పడం వల్లనే ఈ భాగం భాషలు, దేశాలు దాటి నిలుస్తుంది. వేళ్లు తాటించడం తిరుపతిలోనైనా టొరంటోలోనైనా ఒకటే.

ఈ భాగంలో ఒక నియమం ఉంది: కనబడినదానికే అంకె వేయాలి, కారణం ఊహించి తగ్గించకూడదు. మోకీళ్లు అరిగిపోయి కుర్చీలోంచి లేవలేని వృద్ధురాలికి లేవలేకపోవడానికి తగిన అంకే పడుతుంది. ఇది చూడడానికి అన్యాయంగా తోచినా, వైద్యుల ఊహలు ఒకరికొకరివి కలవవు కాబట్టి ఈ క్రమశిక్షణ మేలైనదే. మోకాళ్ల నొప్పులు ఉన్న సంగతి పక్కన విడిగా రాసుకుంటే సరిపోతుంది.

ఇంతకంటే కీలకమైన విషయం పరీక్ష చేసిన సమయం. లెవోడోపా వాడుతున్న రోగి కొన్నేళ్లకు రోజులో అనేకసార్లు బాగుండడం, బాగలేకపోవడం మధ్య ఊగుతుంటాడు. మందు పనిచేస్తున్న వేళను ఆన్ అనీ, దాని ప్రభావం తగ్గిన వేళను ఆఫ్ అనీ అంటారు. అదే మనిషి మూడో భాగపు అంకె ఒకే ఉదయం 45 కావచ్చు, 18 కావచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించగా 1993 నుంచి పనిచేస్తున్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే జనం నోట స్విమ్స్, పక్కనే ఉన్న రుయా ప్రభుత్వ ఆసుపత్రి, చిత్తూరుకు దగ్గరలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటి పెద్ద ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో చాలామంది పలమనేరు, మదనపల్లె, కుప్పం, శ్రీకాళహస్తి వైపు పల్లెల నుంచి చీకటితోనే బస్సెక్కినవారు. దారిలో మాత్ర వేసుకున్నారా, వేసుకుంటే ఎప్పుడు, ఖాళీ కడుపుతోనా, మాంసకృత్తులున్న టిఫిన్ తిన్నాకనా, ఓపీ చీటీ చేతికొచ్చి పిలుపు వచ్చేలోపు ఎన్ని గంటలైంది అనేవి తెలియకుండా రాసిన అంకె రోగిని కాక ఆ రోజు ప్రయాణాన్ని కొలుస్తుంది. ఎండీఎస్–యూపీడీఆర్ఎస్ పత్రంలో రోగి లెవోడోపా వాడుతున్నాడా, చివరి మోతాదు వేసుకుని ఎన్ని నిమిషాలైంది, ఇప్పుడు ఆన్‌లో ఉన్నాడా ఆఫ్‌లోనా అనే గడులు మూడో భాగానికి ముందే ఉన్నాయి. వాటిని ఖాళీగా వదిలేసి కింద 33 అంకెలు వేయడం కంటే, వాటిని నింపి కింద పది అంకెలే వేయడం మేలు.

శస్త్రచికిత్సకు రోగులను ఎంచుకునేటప్పుడు ఈ ఊగిసలాటనే కొలతగా మార్చుకుంటారు. రాత్రి నుంచి సుమారు పన్నెండు గంటలు మందు ఆపి పొద్దున ఆఫ్ స్థితిలో మూడో భాగం చేసి, ఆ తర్వాత లెవోడోపా ఇచ్చి, అది పూర్తిగా పనిచేసినప్పుడు మళ్లీ చేస్తారు. అంకె మూడో వంతుకు తగ్గకుండా మెరుగుపడితే మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్లు అమర్చే చికిత్స ఫలించే అవకాశం ఉందని భావిస్తారు. హైదరాబాదులోని నిమ్స్ వంటి కేంద్రాల్లో ఈ చికిత్స అందుతున్నందువల్ల, రాయలసీమ రోగిని అక్కడికి పంపాలా వద్దా అన్న నిర్ణయంలో స్థానికంగా చేసిన ఈ పరీక్షకు చాలా విలువ ఉంది.

అంకెలు చేతికొచ్చాక వాటితో ఏం చేయాలన్నది మరో చిక్కు. సున్నాకూ ఒకటికీ మధ్య ఉన్న తేడా, మూడుకూ నాలుగుకూ మధ్య ఉన్న తేడా సమానమని ఎవరూ నిరూపించలేదు. ఇవి వరుస క్రమాన్ని చెప్పే అంకెలే తప్ప కిలోలు, మీటర్ల వంటివి కావు. అయినా వాటిని కూడుతున్నారు. 2008 నాటి పరిశీలనలోనే ఏ భాగానికి ఆ భాగపు మొత్తం వేసుకోవడం మేలని, నాలుగు భాగాలనూ కలిపి ఒకే మొత్తం చేయడం కంటే అదే తగినదని తేలింది. అయినా పరిశోధన వ్యాసాల్లో ఆ మహా మొత్తం ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఇక ఎంత తేడా వస్తే రోగికి తేడా తెలుస్తుందన్న ప్రశ్నకు లీసా షుల్మన్ బృందం 2010లో పాత కొలమానం మీద చేసిన లెక్క ఉపయోగపడుతుంది: చలన భాగంలో సుమారు 2.5 పాయింట్లు, మొత్తంలో సుమారు 4.3 పాయింట్లు మారితేనే అది రోగి జీవితంలో కనీసంగా గుర్తించదగ్గ మార్పు. కొత్త కొలమానపు మూడో భాగానికి 2015లో హంగరీ పరిశోధకులు చెప్పిన అంకెలు మెరుగుదలకు 3.25, దిగజారుడుకు 4.63. రసాజిలిన్ అనే మందు వ్యాధి గమనాన్ని నెమ్మదింపజేస్తుందా అని 1,176 మంది మీద జరిగి 2009లో వెలువడిన అడాజియో అధ్యయనాన్ని ఈ వెలుగులో చూడాలి. 72 వారాల తర్వాత, ముందుగా 1 మిల్లీగ్రాము మొదలుపెట్టినవారికీ ఆలస్యంగా మొదలుపెట్టినవారికీ మధ్య తేడా 1.7 పాయింట్లు, గణితపరంగా అది నిజమైన తేడాయే, రోగికి తెలిసేంత తేడా కాదు. పైగా 2 మిల్లీగ్రాముల మోతాదులో ఆ తేడా కూడా రాలేదు. గణాంక ప్రాధాన్యాన్ని, మనిషికి కలిగిన ప్రయోజనాన్ని ఒకటిగా చూడకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

కొలమానాన్ని ఎంచుకోవడమే ఫలితాన్ని నిర్ణయించగలదని చూపే ఉదాహరణ తెలుగు నేలకు దగ్గరలోనే ఉంది. నిమ్స్ నరాల వైద్య విభాగానికి చెందిన రూపం బొర్గొహైన్ ప్రథమ రచయితగా 2014లో వెలువడిన, సాఫినమైడ్ అనే మందు మీద జరిగిన అధ్యయనంలో 669 మంది రోగులు 24 వారాలు పాల్గొన్నారు. అందులో ప్రధాన కొలత యూపీడీఆర్ఎస్ కాదు. ఇబ్బందిపెట్టే అసంకల్పిత చలనాలు లేకుండా రోజులో ఎన్ని గంటలు ఆన్‌లో గడిపారో రోగులు డైరీలో రాసుకున్న లెక్క. దాంట్లో మందు నెగ్గింది. ఆ రోగులనే రెండేళ్ల దాకా కొనసాగించిన తర్వాతి అధ్యయనంలో ప్రధాన కొలత అసంకల్పిత చలనాల స్కేలు. దాంట్లో మొత్తం మీద గణనీయమైన తేడా రాలేదు. మందు ఒకటే, ఎక్కువ భాగం మనుషులూ వారే, కొలిచే సాధనం మారింది. డైరీ పద్ధతికి మరో షరతు కూడా ఉంది: రోజంతా అరగంటకోసారి గడి నింపాలి. చదువురాని రోగి అయితే ఆ పని కొడుకో కోడలో చేయాలి, ఆ ఇంట్లో పగలు ఎవరూ లేకపోతే డైరీ సాయంత్రం ఒక్కసారిగా, జ్ఞాపకం మీద నిండుతుంది.

ఇక రెండో భాగం దగ్గరికి వస్తే కొలమానం పుట్టిన ఊరు స్పష్టంగా బయటపడుతుంది. 1987 నాటి పత్రంలో భోజనానికి సంబంధించిన అంశం ఆహారాన్ని కోయడం, చెంచా, కత్తి వంటివి పట్టుకోవడం గురించి అడిగేది. 2008లో దాన్ని సవరించి చేత్తో తినే ఆహారాన్నీ, పుల్లలతో తినడాన్నీ చేర్చారు. ఇది నిజాయితీ గల మెరుగుదల. అయినా రాగిసంగటి తినే మనిషి చేతిలో ఏం జరుగుతుందో ఆ ప్రశ్న పట్టుకోలేదు. వేడి ముద్దలోంచి వేళ్లతో తుంచుకుని, పులుసులో అద్ది, కారకుండా నోటికి తీసుకోవడంలో వేళ్ల సూక్ష్మ చలనం, మణికట్టు తిప్పుడు, మింగే శక్తి మూడూ కలిసి ఉన్నాయి. వణుకు ఎక్కువైనవాడు పులుసన్నం మానేసి గట్టి ముద్దకు మారతాడు, నలుగురిలో కూర్చుని తినడం మానేస్తాడు. ఈ సర్దుబాట్లను అడగకపోతే అతను తినడానికి ఏ కష్టమూ లేదనే చెబుతాడు. చేతిరాత ప్రశ్న సంతకం తప్ప ఏమీ రాయని రోగికి అర్థం లేనిది. మంచంలోంచి, కారులోంచి, లోతైన కుర్చీలోంచి లేవడం గురించిన ప్రశ్న ఉంది గానీ, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డిలోంచి లేవడం గురించి ప్రశ్న లేదు. నిజానికి పల్లెటూరి రోగి మొదట ఓడిపోయేది ఆ చివరి పనిలోనే. హాబీల గురించి అడిగే అంశంలో ఈ ప్రాంతపు స్త్రీ విషయంలో ముగ్గు వేయడం, పూలు కట్టడం, చింతపండు గింజలు తీయడం, పురుషుడి విషయంలో పాలు పితకడం, మామిడి తోటలో కొమ్మలు కత్తిరించడం వంటివి అడగాలి. పాడి మీద బతికే చిత్తూరు జిల్లాలో పాలు పితకలేకపోవడం హాబీ పోవడం కాదు, రాబడి పోవడం.

దీనికి పరిష్కారం సొంత కొలమానం తయారుచేసుకోవడమే అని కొందరికి అనిపించవచ్చు, కానీ అది తప్పుదారి. 1987కు ముందు ప్రపంచం ఎదుర్కొన్న గందరగోళాన్నే అది తిరిగి తెస్తుంది. తిరుపతి అంకె తిరువనంతపురంలో అర్థం కాదు. అంతర్జాతీయ పత్రాన్ని ఒక్క అంశం మార్చకుండా ఉంచి, దానికి అనుబంధంగా ఈ ప్రాంతపు పనుల చిన్న జాబితాను విడిగా చేర్చి, విడిగా లెక్కించడం సరైన మార్గం. అనువాదానికి కూడా చలన వికారాల సంఘం ఒక కఠిన పద్ధతి పెట్టింది. ఒక బృందం అనువదించాలి, మూలం చూడని మరో బృందం తిరిగి ఇంగ్లీషులోకి తేవాలి, తేడాలు సరిచేశాక రోగులకు, పరీక్షకులకు ప్రశ్న అర్థమైందో లేదో కూర్చోబెట్టి అడిగి తెలుసుకోవాలి, ఆ తర్వాత ఆ భాష మాతృభాషగా గల కనీసం 350 మంది రోగుల మీద పరీక్షించి, అంకెల అమరిక మూలంతో సరిపోతుందని గణితంగా చూపాలి. ఇదంతా జరిగిన అనువాదానికే అధికారిక ముద్ర. ఓపీలో వైద్యుడు అప్పటికప్పుడు తెలుగు చేసుకుని అడిగే ప్రశ్నకు ఆ హోదా ఉండదు, అతని తెలుగు ఎంత బాగున్నా సరే.

చిత్తూరు సీమలో భాష విషయం ఇంకా చిక్కనిది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇళ్లలో తమిళం, పలమనేరు, మదనపల్లె వైపు కన్నడం, పట్టణాల్లో దక్కనీ ఉర్దూ తెలుగుతో కలిసి నడుస్తాయి. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు ఉన్న మనిషికి ఏ భాషలో ప్రశ్న అడగాలో అడిగేవారు ముందే తెలుసుకోవాలి. తెలుగులోనే అయినా, కాళ్లు అంటుకుపోతా ఉండాయని ఒకరు, అడుగు పడలేదని మరొకరు చెప్పేది నడక మధ్యలో హఠాత్తుగా ఆగిపోయే లక్షణమే. దిగులు గురించి నేరుగా అడిగితే లేదనేవారు, ఏమీ తోచడం లేదనీ, నిద్ర పట్టలేదనీ, అన్నం సయించడం లేదనీ గంటసేపు చెబుతారు. మొదటి భాగంలో ఈ జవాబు ఎవరిచ్చారో, రోగా, సంరక్షకుడా, ఇద్దరూనా అని రాసే చోటుంది. రాయలసీమ ఇళ్లలో తండ్రి బదులు కొడుకు జవాబు చెప్పడం మర్యాదగానే సాగుతుంది, తల్లి తన మూత్ర సమస్యను కొడుకు ముందు చెప్పదు. ఆ గడిని నిజాయితీగా నింపడం, కొన్ని ప్రశ్నలను నర్సు చేత ఒంటరిగా అడిగించడం కొలత నాణ్యతను ఎంతగానో పెంచుతాయి.

చలనేతర లక్షణాలకు వేరే కొలమానాలూ ఉన్నాయి. 2007లో వచ్చిన చలనేతర లక్షణాల స్కేలులో 30 అంశాలు ఉన్నాయి; ప్రతి దానికీ తీవ్రతను, ఎంత తరచుగా వస్తుందన్న అంకెతో గుణించి వేస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో తయారై 1995లో వెలువడిన పీడీక్యూ–39 జీవన నాణ్యతను ఎనిమిది కోణాల్లో అడుగుతుంది. నలుగురిలో జబ్బును దాచుకోవలసి వస్తోందా అన్న కోణం అందులో ఉండడం మెచ్చుకోదగినది. జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో చదువు పెద్ద అడ్డంకి. 30 మార్కుల మోకా పరీక్షలో ఘనాకారం గీయాలి, అంకెలను అక్షరాలతో కలుపుతూ గీత గీయాలి. చదువు తక్కువైనవారికి ఒక్క మార్కు కలుపుతారు, అది ఎప్పుడూ పలక పట్టని మనిషికి ఏ మూలకూ చాలదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో మేరీ గంగూలీ బృందం 1990ల్లో నిరక్షరాస్యులకు తగినట్టు పరీక్షను మార్చి చూపించింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిమరుపు రోగుల మీద చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది, అక్షరం రానివారిలో కూడా అదే కనిపించింది. బహుభాషల చిత్తూరుకు ఇది దూరపు సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన జ్ఞాన పరీక్షల సముదాయం తెలుగుతో కలిపి ఐదు భారతీయ భాషల్లో సిద్ధంగా ఉంది. ఈ ప్రాంతపు పార్కిన్సన్స్ రోగికి అనువదించిన విదేశీ పరీక్ష కంటే దాన్నే ముందుగా ఎంచుకోవాలి.

దూరవైద్యం మరో పరీక్ష పెట్టింది. ఆరోగ్య ఉపకేంద్రాల నుంచి వైద్యులను వీడియోలో సంప్రదించే ఈ–సంజీవని సేవను 2019 నవంబరులో మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. వీడియోలో కండరాల బిగుతును చేత్తో చూడలేరు, వెనక్కి లాగి నిలకడ చూడలేరు. అంటే మూడో భాగంలో 33 అంకెల్లో ఆరు పోయి, 132కు బదులు 108 మాత్రమే మిగులుతాయి. మిగిలినది పనికొస్తుంది గానీ, దాన్ని 108లోనే చూపాలి, ముఖాముఖి అంకెతో నేరుగా పోల్చకూడదు. ఇప్పుడు మణికట్టు పరికరాలు, ఫోన్లు వణుకును క్షణక్షణం నమోదు చేస్తున్నాయి. అవి రోగి రోజంతటినీ చూడగలవన్నది గొప్ప మేలే అయినా, సంగటి తినడం మానేసిన మనిషి మీద అవి చెప్పగలిగింది ఇంకా తక్కువ.

అంకె నేరుగా రూపాయలుగా మారే చోటు ఒకటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్ వ్యాధిని పేరు పెట్టి చేర్చింది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం శిబిరంలో ధ్రువీకరణ వస్తేనే పింఛనుకు దారి, 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. కాలు తెగినవాడి వైకల్యం పొద్దున ఎంతో సాయంత్రం అంతే. పార్కిన్సన్స్ రోగి శిబిరానికి వెళ్లగలగడానికే మాత్ర వేసుకుంటాడు, వేసుకున్నాక బల్ల ముందు నిలబడినప్పుడు అతను రోజులో అన్నింటికన్నా బాగున్న గంటలో ఉంటాడు. శాతం ఆ గంటకు పడుతుంది, పింఛను మిగిలిన గంటలకు కావాలి. చికిత్స చేసే ఆసుపత్రి ఆన్, ఆఫ్ స్థితులు రెండింట్లో చేసిన మూడో భాగపు అంకెలను, రెండో భాగపు జవాబులను, చివరి మోతాదు సమయంతో సహా ఒక కాగితం మీద రాసి రోగి చేతికిస్తే, శిబిరంలోని వైద్యుడి ముందు ఒక గంటకు బదులు ఒక రోజు ఉంటుంది. ఇందుకు కొత్త యంత్రం అక్కర్లేదు, అరగంట సమయం, శిక్షణ పొందిన ఒక పరీక్షకుడు ఉంటే చాలు.